రాగిపళ్లెమును చేసిన చేయి

మన యిండ్లలోని పాత రాగిబిందెలను, ఇత్తడి గుండిగలను పరికించినచో, వానిపై చుక్కచుక్కలుగా పొడిచిన పేరొకటి తఱచుగ కనబడును. అది పాత్రను కొన్నవారి పేరో, ఆడబిడ్డకు సారెగా నిచ్చినవారి పేరో యగును. దానిని సుత్తితో కొట్టి రూపు దీర్చిన కంచరి పేరు వెదకినను దొరకదు. పాత్ర యెవరి సొత్తో లోకమునకు తెలియవలెనని మనము కోరితిమి. అది యెవరి చేతిలో పుట్టినదో తెలియకపోయినను మనకు లోటు తోచలేదు. ఈ యుపేక్ష యొక్క ఫలమెట్టిదో ఆంగ్లదేశపు రాగిపళ్లెముల చరిత్ర మనకు చక్కగ బోధింపగలదు.

19వ శతాబ్దిలో ఆ దేశమున యంత్రశాలలు పెరిగి చేతిపనులు క్షీణించినవి. జాన్ రస్కిన్, విలియం మోరిస్ మున్నగువారు ఆనందముతో చేయు పనియే మనుష్యునకు తగిన పనియని ప్రబోధించిరి. ఆ ప్రబోధముచే ఊరూర శిల్పతరగతులు వెలసినవి. 1884లో కెస్విక్ పట్టణమున హార్డ్విక్ రాన్స్లీ అను మతగురువును, ఆయన భార్య ఈడిత్‌యు కొయ్యపనికిని, లోహపు నగిషీపనికిని సాయంకాలపు తరగతి నెలకొల్పిరి. 1888లో సి. ఆర్. ఆష్బీ లండనునందు ‘గిల్డ్ ఆఫ్ హాండిక్రాఫ్ట్’ అను శిల్పిసంఘమును స్థాపించెను. 1890లో కార్న్వాల్ తీరమున న్యూలిన్ అను రేవూరిలో జాన్ డ్రూ మెకంజీ అను చిత్రకారుడు, వేట లేని వేళలలో జాలరులకు రాగిపని నేర్పింప పూనుకొనెను.

ఆ కాలపు పళ్లెమొకటి నేడు చేతికి వచ్చినచో దాని పుట్టుకను తెలిసికొనుటెట్లు? మొదట వెనుకవైపు చూడవలెను. కెస్విక్ పాఠశాల తన పొడియక్షరములను వజ్రాకృతిగల గడిలో ముద్రించెడిది. న్యూలిన్ పళ్లెములు కొన్నింటిపై ఊరి పేరే కలదు. జాన్ పియర్సన్ అను శిల్పి తన పొడియక్షరములను, చేసిన సంవత్సరమును స్వయముగ చెక్కుచుండెను. కాని ముద్రలేని పళ్లెములు పెక్కు గలవు. ముద్ర యున్నవానిలో సైతము పెక్కింట నున్నది సంస్థ పేరేగాని శిల్పి పేరు కాదు.

ముద్ర లేనిచోట పనియే సాక్ష్యము చెప్పవలెను. తారుబంకపై రేకును పఱచి, వెనుకనుండి పొడుపుటులులతో కొట్టిన బొమ్మ ముందువైపు ఉబికివచ్చును. తరువాత ముందునుండి రేఖలను దిద్దుదురు. కొట్టినకొలది రాగి బిరుసెక్కును గనుక, నడుమ నడుమ ఎఱ్ఱగ కాల్చి మెత్తపఱుపవలెను. ఇట్టి పళ్లెమున దెబ్బలు ఒకదానిపై నొకటి పడి, సమదూరమున లేక, చేయి విసురును తెలుపుచుండును. తరిమెనపై త్రిప్పి యొత్తిన పళ్లెమున వలయములు కనబడును. అచ్చున నొత్తినవి కవలపిల్లలవలె నుండును.

చిత్రమును బట్టి తొందరపడి తీర్పు చెప్పరాదు. చేపయు ఓడయు కనబడినంత మాత్రమున పళ్లెము న్యూలినుది కానేరదు. పియర్సన్ మొదట లండనున ఆష్బీ సంఘమున పనిచేసి, తరువాత న్యూలిన్‌లో నేర్పెను. గురువుతోబాటు రీతియు ప్రయాణము చేయును. నమూనాలు చేతులు మారును. లోహపరీక్షయు రాగి పాలును తెలుపునేగాని, గనిలో పుట్టి యంత్రశాలలో సాగి వచ్చిన రేకును ఎవరు కొట్టిరో తెలుపజాలదు. కావున ముద్ర, పనితీరు, చిత్రరీతి ఈ మూడును ఏకవాక్యముగ పలికినప్పుడే శిల్పి పేరు చెప్పవలెను. లేనిచో పాఠశాల పేరుతో తృప్తిపడవలెను. అదియు కుదరనిచో ‘అజ్ఞాతశిల్పి’ యనుటయే న్యాయము. ప్రసిద్ధుని పేరు తగిలించిన పళ్లెమునకు వెల హెచ్చును. ఆ యాశచే, ఊరు పేరు లేని జాలరి చేసిన పని మఱియొకని ఖాతాలో పడినచో, బ్రతికియుండగా కూలి మాత్రము దక్కినవానికి మరణానంతరము కీర్తియు దక్కకుండ పోవును.

మన పూర్వు లీ విషయమున బొత్తిగ నిర్లక్ష్యము చేసినవారు కారు. తూర్పు చాళుక్యుల రాగిశాసనములు కొన్నింటి చివర, దానమిచ్చిన రాజు పేరుతోబాటు శ్లోకములు రచించిన కవి పేరును, లిఖించినవాని పేరును గలవు. ఆ మర్యాద శాసనమునుండి వంటింటి పాత్రవఱకు దిగిరాలేదు. నేడు పెంబర్తి లోహశిల్పమునకు భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషము. అది ఊరికి దక్కిన గౌరవము. కెస్విక్ ముద్రవలె అదియు వ్యక్తి పేరును చెప్పదు.

ఇందుకు రాజశాసన మక్కఱలేదు. పాత్రను కొనునప్పుడు చేసినవాని పేరు, ఊరు అడుగుట, ఇంటి లెక్కలలో వ్రాసికొనుట, వధువు పేరు పొడిపించునప్పుడు అడుగుభాగమున కంచరి పేరును సంవత్సరమును కూడ పొడిపించుట, ఇంతియే చాలును. పది చుక్కల పనికి వ్యయ మెంత? నూరేండ్ల పిమ్మట ఆ బిందెను చేతబట్టిన మనుమరాలు ఇరువురి పేర్లను చదువుకొనగలదు.