పడవ మునగలేదు... మనుషులు పోయారు: 1979 ఫాస్ట్‌నెట్ రేస్ కథ

ఈ రోజు కథలోకి వెళ్ళే ముందు నా పరువు నేనే తీసుకునే ముచ్చట ఒకటి చెప్తాను.

రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుందామని వెళ్ళాను. చిన్న పడవ, ఒక్క తెరచాప, ఒక్క మనిషి. ట్యాంక్‌బండ్ మీద నుంచి చూస్తే ఎంత హాయిగా కనిపిస్తదో! పావుగంట కూడా కాలేదు. గాలి ఒక్క తోపు తోసింది. పడవ బోల్తా, నేను నీళ్ళల్లో. లైఫ్‌జాకెట్ ఉంది కాబట్టి మునిగేది లేదు. అయినా బుర్ర పనిచేయలేదు. ఒడ్డు దగ్గరే కదా అని ఈత మొదలుపెట్టాను. వెనక సేఫ్టీ బోటులోంచి కోచ్ గొంతు చించుకుని అరిచారు: "పడవను వదలకు! పడవను పట్టుకో!"

బయటికొచ్చాక అడిగాను, "సార్, ఒడ్డు అంత దగ్గరుంది కదా, ఈదితే తప్పేంటి?" అని. ఆయన నవ్వలేదు. "నీళ్ళల్లో ఉన్నోడికి ఒడ్డు ఎప్పుడూ దగ్గరగానే కనిపిస్తది. పడవ బోల్తా పడ్డా తేలుతూనే ఉంటది, అలిసిపోయేది నువ్వే. ఇంటికెళ్ళి ఫాస్ట్‌నెట్ 1979 అని కొట్టి చదువు" అన్నారు.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుంటే తెల్లవారేదాకా కింద పెట్టలేదు. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు అసలు ఈ ఆట ఏంటో తెలియాలి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపానికీ ఒడ్డుకీ మధ్య సోలెంట్ అని ఒక జలసంధి ఉంది. అక్కడ మనకు గల్లీ క్రికెట్ ఎలాగో, వాళ్ళకు వీకెండ్ సెయిలింగ్ అలాగన్నమాట. వారమంతా ఆఫీసు, షాపు, కాలేజీ. శుక్రవారం సాయంత్రం సంచి సర్దుకుని పడవ దగ్గరికి. ముప్పై అడుగుల పడవలో ఐదారుగురు స్నేహితులు లేదా తండ్రీకొడుకులు. శనివారం రేస్, ఆదివారం రేస్, సోమవారం మళ్ళీ ఆఫీసు. ఇలా ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళందరికీ ఒక పెద్ద కల ఉంటది. దాని పేరే ఫాస్ట్‌నెట్ రేస్.

ఇది 1925లో ఏడు పడవలతో మొదలైంది. తర్వాత రెండేళ్ళకోసారి జరిగే రేస్‌గా స్థిరపడింది. ఐల్ ఆఫ్ వైట్‌లోని కౌస్ అనే ఊరి నుంచి బయలుదేరి, ఇంగ్లండ్ తీరం వెంట పడమరకు వెళ్ళి, లాండ్స్ ఎండ్ దాటాక నడి సముద్రంలోకి తిరగాలి. ఐర్లాండ్ కొసన ఫాస్ట్‌నెట్ అనే రాతి దిబ్బ మీద లైట్‌హౌస్ ఉంటది. దాన్ని చుట్టి వెనక్కి వచ్చి ప్లిమత్‌లో ముగించాల్సి ఉండేది. అప్పట్లో మొత్తం 605 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 1,120 కిలోమీటర్లు. ఇంజన్ వాడకూడదు, గాలి ఒక్కటే దిక్కు.

1979 ఆగస్టు 11, శనివారం. కౌస్ నుంచి 303 పడవలు బయలుదేరాయి. మనుషులు రెండున్నర వేలకు పైగా. అందులో ఎవరెవరు ఉన్నారో చూడండి. బ్రిటన్ మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ తన మార్నింగ్ క్లౌడ్ మీద ఉన్నారు. తర్వాతి ఏడాది సీఎన్ఎన్ ఛానల్ మొదలుపెట్టబోయే అమెరికన్ టెడ్ టర్నర్ తన టెనేషియస్ మీద ఉన్నారు. వాళ్ళ పక్కనే చిన్న పడవల్లో మన వీకెండ్ బ్యాచ్. చిన్న పడవలన్నీ ఐదో క్లాస్. అందులోనే 58 పడవలున్నాయి.

బయలుదేరినప్పుడు వాతావరణం మామూలే. సోమవారం, 13వ తేదీ మధ్యాహ్నం రేడియోలో వచ్చిన సూచన ప్రకారం గాలి 6, 7 దాకా పెరగొచ్చు. ఇది బోఫోర్ట్ స్కేల్ లెక్క, గాలి బలాన్ని 0 నుంచి 12 దాకా కొలుస్తారు. 7 అంటే గంటకు 50, 60 కిలోమీటర్లు. గట్టి గాలే, కానీ రేసర్లకు అలవాటైనదే. రాత్రయ్యేసరికి అది 10 దాకా పోయింది. అంటే గంటకు 90, 100 కిలోమీటర్లు. అట్లాంటిక్ మీద ఒక అల్పపీడనం, వాతావరణ శాఖ అనుకున్నదానికన్నా చాలా తొందరగా, చాలా లోతుగా బలపడింది. తుపాను హెచ్చరిక వచ్చేసరికి చాలా పడవలు అందులోనే ఉన్నాయి.

ఇక్కడ చిన్న పడవల దురదృష్టం చూడండి. పెద్ద పడవలు వేగంగా పోతాయి కదా, వాటిలో కొన్ని అప్పటికే ఫాస్ట్‌నెట్ చుట్టేసి వెనక్కి తిరిగాయి. నెమ్మదిగా పోయే చిన్నవి మాత్రం లాండ్స్ ఎండ్‌కూ ఫాస్ట్‌నెట్‌కూ మధ్య ఇరుక్కున్నాయి. అక్కడ 150 నాటికల్ మైళ్ళకు పైగా నడి సముద్రమే. తలదాచుకోవడానికి ఒక్క రేవు లేదు.

చీకటి. నలభై అడుగుల అలలు. అంటే నాలుగంతస్తుల బిల్డింగ్ ఎత్తు నీళ్ళు వచ్చి మీద విరుచుకుపడటం. గాలి ఒక దిక్కు నుంచి తిరిగి ఇంకో దిక్కు నుంచి కొట్టేసరికి అలలు ఒకదానికొకటి అడ్డం తగిలి గోడల్లా లేచాయి. తర్వాత విచారణలో సమాధానాలిచ్చిన పడవల్లో దాదాపు సగం, తెరచాప స్తంభం నీళ్ళను తాకేంతగా పక్కకు పడిపోయాయి. మూడోవంతు పడవలు అంతకన్నా ఎక్కువ తిరిగాయి, కొన్ని పూర్తిగా తలకిందులై మళ్ళీ లేచాయి. అప్పటికి కొత్త టెక్నాలజీ అయిన కార్బన్ ఫైబర్ చుక్కానులు పుటుక్కున విరిగాయి. మాజీ ప్రధాని పడవకూ చుక్కాని పోయింది.

ఒక్కసారి ఆ పడవ లోపల మీరున్నట్టు ఊహించుకోండి. మోకాళ్ళ దాకా నీళ్ళు. స్తంభం విరిగిపోయింది. డబ్బాలు, బ్యాటరీలు, సామాన్లు అన్నీ ఎగిరి మీద పడుతున్నాయి. చాలా పడవల్లో మాట్లాడే రేడియో కూడా లేదు, ఎందుకంటే అప్పటికి అది తప్పనిసరి కాదు. ఇప్పుడు డెక్ మీద ఒక మూట కనిపిస్తోంది. లైఫ్‌రాఫ్ట్. తాడు లాగితే గాలి నిండి గుడారం లాంటి రబ్బరు పడవ అవుతది. అందులోకి దూకుతారా? ఈ ముక్కలైన పడవలోనే ఉంటారా?

చాలామంది దూకారు. నేనున్నా దూకేవాడినే. హుస్సేన్ సాగర్‌లోనే పడవ వదిలేసినోడిని, అక్కడ ఉంటానా?

గ్రిమాల్కిన్ అని ముప్పై అడుగుల పడవ. ఆరుగురు మనుషులు. ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ బోల్తా పడి, ఒకసారి పూర్తిగా తలకిందులైంది. లేచేసరికి స్తంభం విరిగింది, స్కిప్పర్ సముద్రంలో కొట్టుకుపోయాడు. ఇంకో ఇద్దరు, నిక్ వార్డ్, గెర్రీ వింక్స్, స్పృహ లేకుండా ఉన్నారు. మిగిలిన ముగ్గురు వాళ్ళిద్దరూ చనిపోయారనో, ఇక బతకరనో అనుకుని రాఫ్ట్ ఎక్కారు. ఆ ముగ్గురిలో ఒకడు స్కిప్పర్ కొడుకు, 17 ఏళ్ళ కుర్రాడు. కళ్ళ ముందే నాన్న పోయిన గంటలోపు ఆ నిర్ణయం. హెలికాప్టర్ వాళ్ళను కాపాడింది.

కానీ నిక్ వార్డ్‌కు స్పృహ వచ్చింది. చూస్తే తను నీళ్ళల్లో, నడుముకు కట్టిన హార్నెస్ తాడుతో పడవకు వేలాడుతున్నాడు. ఎలాగో పైకి పాక్కుంటూ వచ్చాడు, గెర్రీని కూడా లాగాడు. గెర్రీ అతని చేతుల్లోనే ప్రాణం వదిలాడు. ఇక నిక్ ఒక్కడే. బకెట్ పట్టుకుని నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు. నీళ్ళు తోడుతూ, చనిపోయిన స్నేహితుడితో మాట్లాడుతూ రోజంతా గడిపాడు. ఆ సాయంత్రం హెలికాప్టర్ వచ్చింది. అప్పటికీ గ్రిమాల్కిన్ తేలుతూనే ఉంది. తర్వాత దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చారు కూడా. నిక్ ఈ కథను దాదాపు 28 ఏళ్ళు మనసులోనే పెట్టుకుని, 2007లో పుస్తకంగా రాశాడు.

ఇంకోపక్క రక్షించేవాళ్ళ కథ వేరే. ఐర్లాండ్, ఇంగ్లండ్ తీరాల నుంచి లైఫ్‌బోట్లు బయలుదేరాయి. వాటిని నడిపినవాళ్ళలో చాలామంది జాలర్లు, ఊళ్ళో పనులు చేసుకునే వాలంటీర్లు. కాన్వాల్‌లోని కల్‌డ్రోజ్ నేవీ స్థావరం నుంచి హెలికాప్టర్లు, పైన నిమ్రాడ్ విమానాలు, రేస్‌కు తోడుగా వచ్చిన డచ్ యుద్ధనౌక, ఐరిష్ నేవీ, దారిన పోయే ఓడలు. వంద మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారంటే వీళ్ళ వల్లే.

లెక్క తేలేసరికి రేస్‌లో ఉన్న 15 మంది చనిపోయారు. రేస్‌లో లేకుండా ఆ చుట్టుపక్కల పడవల్లో ఉన్నవాళ్ళు ఇంకొందరు పోయారు. 303 పడవల్లో ముగించినవి 85. మధ్యలో రేస్ మానుకున్నవి 194. మనుషులు వదిలేసి వచ్చినవి 24.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఏడాది డిసెంబరులోనే రేస్ నిర్వాహకులూ, బ్రిటన్ సెయిలింగ్ సంఘమూ కలిసి విచారణ నివేదిక ఇచ్చారు. వదిలేసిన ఆ 24 పడవల్లో ఎన్ని మునిగాయో తెలుసా? ఐదు. మిగతా 19 తేలుతూ దొరికాయి. లైఫ్‌రాఫ్ట్‌లకు సంబంధించిన ఘటనల్లో ఏడుగురు చనిపోయారు. కొన్ని రాఫ్ట్‌లు ఆ అలలకు చిరిగిపోయాయి, కొన్ని బోల్తా కొట్టాయి. ఆ ఏడుగురు వదిలిన పడవలన్నీ తర్వాత తేలుతూ కనిపించాయి, రేవుకు చేరాయి.

అది చదివినప్పుడు నాకు కోచ్ అరుపు మళ్ళీ వినిపించింది.

సెయిలర్లు అప్పటి నుంచి ఒక మాట గట్టిగా చెప్పుకుంటారు. లైఫ్‌రాఫ్ట్‌లోకి కిందికి దిగకూడదు, పైకి ఎక్కాలి అని. అంటే నీ పడవ నిజంగా మునిగిపోతూ, రాఫ్ట్ నీకన్నా ఎత్తులో ఉన్నప్పుడే దాంట్లోకి వెళ్ళు. అంతవరకూ ఎంత పాడైనా పడవే నీ ఇల్లు.

అలాగని వాళ్ళు పిరికివాళ్ళు, తెలివితక్కువవాళ్ళు అని నేను అనను. ఏసీ గదిలో కూర్చుని, ఏ పడవ మునిగిందో ఏది తేలిందో లిస్ట్ చూసి చెప్పడం ఈజీ. ఆ చీకట్లో ఆ లిస్ట్ ఎవరి చేతిలోనూ లేదు. పైగా రాఫ్ట్ వల్ల బతికినవాళ్ళూ ఉన్నారు. నివేదిక కూడా ఒక్కళ్ళ మీద తప్పు తోయలేదు. హార్నెస్‌లు తెగడం, అవి కట్టిన చోటు ఊడిపోవడం, అసలు కట్టుకోకపోవడం వల్ల ఆరుగురు పోయారని కూడా అదే చెప్పింది.

ఇంకో పాఠం పడవల ఆకారం గురించి. ఆ రోజుల్లో రేస్ రూల్స్‌కు తగ్గట్టు గెలవాలని పడవలను వెడల్పుగా, తేలికగా కట్టడం మొదలైంది. అవి వేగంగా పోతాయి. కానీ గ్రిమాల్కిన్ లాంటి పడవ నిటారు నుంచి 117 డిగ్రీలు పక్కకు ఒరిగితే, ఇక తనంతట తాను లేవదు, తలకిందులుగానే ఉండిపోవచ్చు. అదే కాంటెస్సా 32 అనే పాత పద్ధతి పడవ, సన్నగా, అడుగున బాగా బరువుతో ఉంటది. అది 155 డిగ్రీల దాకా పడినా లేస్తది. మన తంజావూరు బొమ్మ ఉంటది కదా, ఎంత ఊపినా నిలబడతది, అలాగ. ఐదో క్లాస్‌లో 58 చిన్న పడవలన్నాను కదా, అందులో రేస్ ముగించింది ఒక్కటే. అసెంట్. అది కాంటెస్సా 32.

మొత్తం రేస్ గెలిచింది మాత్రం టెడ్ టర్నర్ టెనేషియస్. తుపాను విరుచుకుపడినప్పుడు ఆ 61 అడుగుల పడవ కూడా అందులోంచే వచ్చింది. కానీ ప్లిమత్ రేవులో ఆ వారం గెలుపు గురించి అడిగినవాళ్ళు తక్కువ. ఒడ్డున నిలబడ్డ కుటుంబాలు చూసింది ఇంకా రాని పడవల పేర్ల కోసం.

ఆ తర్వాత రూల్స్ మారాయి. రేడియో తప్పనిసరి అయింది. హార్నెస్ ప్రమాణాలు గట్టిపడ్డాయి. ముందు ఇంకో రేసులో అనుభవం లేకుండా ఫాస్ట్‌నెట్‌కు రానివ్వడం ఆపేశారు. రేస్ మాత్రం ఆగలేదు, 1981లో మళ్ళీ జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. 2023లో 430 పడవలు బయలుదేరితే, మొదటి రాత్రే ఈదురుగాలి కొట్టింది. చాలా పడవలు వెనుదిరిగాయి, ఒకటి మునిగిపోయింది కూడా. అందులో ఉన్న ఇద్దరూ రాఫ్ట్ ఎక్కి క్షేమంగా బయటపడ్డారు. నిజంగా మునిగినప్పుడు రాఫ్ట్ ఎక్కాలి, రాఫ్ట్ పనిచేయాలి. 15 మంది ప్రాణాలతో కొన్న పాఠం అది.

తర్వాతి ఆదివారం నేను మళ్ళీ హుస్సేన్ సాగర్ వెళ్ళాను. మళ్ళీ బోల్తా పడ్డాను, అది మామూలే. ఈసారి పడవ అంచు పట్టుకుని, అడుగున ఉండే పలక మీదికి ఎక్కి, బరువంతా వేసి వెనక్కి వాలాను. తెరచాప నీళ్ళు కారుస్తూ మెల్లగా లేచింది. దూరం నుంచి కోచ్ ఏం అనలేదు, చెయ్యి మాత్రం ఒకసారి ఊపారు.

ఈ వారానికి ఇంతే ఫ్రెండ్స్. మీరెప్పుడైనా నీళ్ళ మీదకు వెళ్తే లైఫ్‌జాకెట్ బిగించి కట్టుకోండి, పడవను మాత్రం వదలకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.