స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు – రూపకర్తల పాత్ర

పనిముట్టు ఎంత శక్తి గలదైనను, చేతబట్టినవానికి పిడి ఎక్కడున్నదో తెలియనిచో ఆ శక్తి వ్యర్థము. కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమగు సాఫ్ట్‌వేరు విషయమునను ఇది నిజమే. ప్రోగ్రామరు వ్రాసిన కోడ్‌ను ఎవరైనను చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అనుమతించు సాఫ్ట్‌వేరునే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరు అందురు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక ఈ ఉద్యమమునకు నాంది పలికెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వెలువరించెను. వీరి వెంట నడచినవారిలో అత్యధికులు ప్రోగ్రామర్లే. వ్రాసినవారే వాడువారు కూడ అగుటచే, తెరమీద ఏ బొత్తాము ఎక్కడ ఉండవలెనను ప్రశ్న చాలకాలము వెనుకబడి యుండెను.

1996లో లారీ ఈవింగ్ లినక్స్‌కు చిహ్నముగా పెంగ్విన్ పక్షిని చిత్రించెను. అందుకై అతడు వాడిన గింప్ కూడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. అయితే రూపకర్త, అనగా డిజైనరు, చేయవలసినది అలంకరణ మాత్రమే కాదు. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు గ్నోమ్ అను తెర వ్యవస్థను కొందరిచేత వాడించి, వారు ఎక్కడ తడబడుచున్నారో పరిశీలించిరి. మరుసటి సంవత్సరము గ్నోమ్‌కు రూపకల్పన నియమావళి వెలువడెను. ప్రయోగశాలలోవలెనే ఇక్కడను ఊహకంటె పరిశీలనకే విలువ హెచ్చు.

ఈ సత్యమును చక్కగా తెలుపునది బ్లెండర్ చరిత్ర. త్రిపరిమాణ చిత్రములను, యానిమేషన్‌ను తయారుచేయు ఈ సాఫ్ట్‌వేరును ఆరంభించిన టాన్ రోసెన్‌డాల్ నెదర్లాండ్స్ దేశీయుడు. పారిశ్రామిక రూపకల్పన అభ్యసించినవాడు. 2002లో బ్లెండర్‌ను నడుపుచున్న కంపెనీ మూతబడగా, అతడు ప్రజలనుండి ఏడు వారములలో లక్ష యూరోలు సేకరించి, ఆ కోడ్‌ను విడిపించెను. అదే సంవత్సరము అక్టోబరు 13న అది అందరి సొత్తయ్యెను.

కోడ్‌కు స్వేచ్ఛ వచ్చినది. కాని దానిని మెరుగుపరచుట ఎట్లు? అందుకై కొందరు చిత్రకారులను ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశపరచి, బ్లెండర్‌తోనే ఒక లఘుచిత్రము తీయించిరి. 2006లో వెలువడిన ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’ అదియే. చిత్రనిర్మాణములో ఏర్పడిన అవసరములనుబట్టి ప్రోగ్రామర్లు సాఫ్ట్‌వేరునకు క్రొత్త సాధనములు చేర్చిరి. చిత్రముతోపాటు దాని మూలఫైళ్లను కూడ అందరికిని ఇచ్చిరి. చిత్రకారుని ఇబ్బంది ప్రోగ్రామరునకు పనిగా మారుట ఇందలి విశేషము.

అప్పటికిని ఒక చిక్కు మిగిలియుండెను. ఇతర సాఫ్ట్‌వేరులలో వస్తువును ఎంచుకొనుటకు మౌస్ ఎడమ బొత్తాము నొక్కుదురు. బ్లెండర్‌లో కుడి బొత్తాము నొక్కవలసి యుండెను. అలవాటు పడినవారికి అది సులభమే, క్రొత్తవారికి మాత్రము తొలి అడుగులోనే ఆటంకము. 2019 జూలైలో వెలువడిన 2.80 రూపములో ఎడమ బొత్తామునే ఆనవాయితీ చేసి, పనిముట్ల గుర్తులను తెర అంచున కనబడునట్లు అమర్చిరి. బ్లెండర్‌తో నిర్మించిన లాట్వియా చిత్రము ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రముగా ఆస్కార్ పొందెను.

తెలుగువారికి ఈ విషయము మరింత దగ్గరిది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటలలో ఒత్తులు, గుణింతపు గుర్తు ఒకే అక్షరమునకు చేరును. ఇంగ్లీషు అక్షరముల ఎత్తునుబట్టి కొలిచిన బొత్తాములో ఒత్తుల అడుగుభాగము తెగిపోవును. తెలుగు ఎరుగని ప్రోగ్రామరునకు ఈ లోపము కంటబడదు. 2013లో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన రామభద్ర, మల్లన్న మొదలగు తెలుగు ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా అనుమతితో అందించినది. కోడ్ వ్రాయుటయే దోహదము కాదనుటకు ఇది మన ఇంటి నిదర్శనము.

చిత్రలేఖనమందు అభిరుచి గల విద్యార్థులు ఈ కార్యములో పాల్గొనవచ్చును. తాము వాడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నొకదానిని ఎన్నుకొని, నలుగురిచేత వాడించి, వారు ఆగిన తావులను గుర్తించవలెను. “బాగులేదు” అని ఊరకొనక, ఎందుకు బాగులేదో వివరించి, మార్పు ఎట్లుండవలెనో బొమ్మగీసి ఆ సాఫ్ట్‌వేరు నిర్మాతలకు పంపవలెను. సూచన వెంటనే అంగీకరింపబడకపోవచ్చును. చర్చలో ఓపిక అవసరము. కోడ్‌ను చదువనేరని సామాన్యునకు ఆ సాఫ్ట్‌వేరునందలి స్వేచ్ఛ అందునది ఇట్టి కృషివలననే.