వేళ్లు తెల్లబడే జబ్బు: రాక్ డ్రిల్ పిడి వెనక వందేళ్ల కథ

ఎపిసోడ్‌లోకి వెళ్లేముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ వైబ్రేట్ మోడ్‌లో పెట్టి, పక్కనున్న ఫ్రెండ్‌తో ఒక కాల్ చేయించుకుని, ఫోన్‌ని పిడికిట్లో గట్టిగా పట్టుకోండి. చెయ్యి గిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది కదా? అది లోపల తిరిగే బఠాణీ గింజంత మోటార్ పని. ఇప్పుడు ఆ మోటార్ బదులు పాతిక కిలోల ఇనుప మిషన్, లోపల నిమిషానికి రెండు వేల సార్లు కొట్టే సుత్తి ఉందనుకోండి. దాన్ని రోజూ షిఫ్టంతా పట్టుకోవాలి, ఇరవై ఏళ్లు.

రెండేళ్ల కిందట మా వీధిలో పైప్‌లైన్ కోసం రోడ్డు తవ్వుతుంటే, జాక్‌హామర్ పట్టుకున్న ఆయన్ని అడిగాను. "అన్నా, ఒక్కసారి నేను పట్టుకోనా?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పట్టుకో తమ్ముడూ, కాళ్లు మాత్రం దూరం పెట్టుకో" అన్నాడు. ఒక్క నిమిషం పట్టుకున్నానేమో. వదిలాక ఫోన్ తీసి వీడియో రికార్డ్ చేద్దామంటే పిన్ నంబర్ మూడుసార్లు తప్పు కొట్టాను. వేళ్లు నావి కాదన్నట్టు ఉన్నాయి. ఆయన నవ్వాడు. ఇంకో విషయం కూడా ఆరోజు గమనించాను. ఆయన నాకంటే జానెడు పొట్టి. ఆ పిడి ఆయనకు సరిగ్గా నడుము దగ్గరికి వస్తోంది, నేను మాత్రం సగానికి వంగాల్సి వచ్చింది. సైకిల్ సీటు ఎత్తు మార్చుకుంటాం, ఆఫీసు కుర్చీ ఎత్తు మార్చుకుంటాం. దీని పిడి ఎందుకు మారదు?

ఈ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే నాకు దొరికిన జవాబు కొంచెం వింతగా ఉంది. పిడి ఒకప్పుడు మారేది. మిషన్ వచ్చాకే మారడం మానేసింది.

మన ఊళ్లలో బండ కొట్టేవాళ్ల సమ్మెట ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తల ఇనుముది, కామ సన్నటి వెదురుది. మొదటిసారి చూసినవాళ్లు "ఇంత బరువుకి ఇంత బక్క కర్రా?" అంటారు. కానీ కిటుకంతా అక్కడే ఉంది. దెబ్బ పడగానే ఆ వెదురు కాస్త వంగుతుంది, బండ నుంచి తిరిగొచ్చే అదురులో చాలా భాగం కర్రలోనే చచ్చిపోతుంది. పైగా ఆ కామని కొట్టేవాడే కోసుకుంటాడు, తన ఎత్తుకి, తన చేతి పట్టుకి తగ్గట్టు. విరిగితే ఇంకోటి వేసుకుంటాడు. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే వైబ్రేషన్ తగ్గించే, పొడవు మార్చుకోగల హ్యాండిల్ అది. దానికి పేటెంట్ లేదు, అంతే.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా గనుల్లోనూ చేతి పనే. ఒక్కడే పనిచేస్తే నాలుగు పౌండ్ల సుత్తి, దాన్ని సింగిల్ జాక్ అనేవారు. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఎనిమిది పౌండ్ల డబుల్ జాక్. ఒకడు ఉక్కు కడ్డీని పట్టుకుని దెబ్బ దెబ్బకీ కొంచెం తిప్పుతుంటే, మిగతావాళ్లు దాని నెత్తిన కొట్టేవారు. రంధ్రం పడ్డాక మందు కూరి పేల్చడమే. బిలబిలమని రైలు సొరంగాలు మొదలయ్యేసరికి ఈ స్పీడు సరిపోలేదు. ఆల్ప్స్ కొండల కింద ఫ్రాన్స్, ఇటలీలను కలిపే ఫ్రెజూస్ సొరంగంలో 1861లో జెర్మేన్ సొమేయే అనే ఇంజనీరు గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు దించాడు. 1866లో అమెరికాలోని హూసాక్ సొరంగంలోకి చార్లెస్ బర్లీ డ్రిల్లు వచ్చింది. 1871లో సైమన్ ఇంగర్సాల్ తన డ్రిల్లుకి పేటెంట్ తీసుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ తొలి మిషన్లకి ఒక పోలిక ఉంది. వీటిని ఎవరూ చేత్తో పట్టుకోలేదు. సొమేయే, బర్లీ మిషన్లు పట్టాల మీద నడిచే బండికి బిగించి ఉండేవి. ఇంగర్సాల్ డ్రిల్లు మూడు కాళ్ల స్టాండ్ మీద నిలబడేది. బండ వెనక్కి తన్నే తన్ను మొత్తం ఆ ఇనుప స్టాండే తినేది. మనిషి పక్కన నిలబడి స్క్రూ తిప్పుతూ డ్రిల్లుని ముందుకి జరిపేవాడు.

కథ మలుపు తిరిగింది కొలరాడోలో. జార్జ్ లైనర్ అనే ఆయన 1890ల్లో డిజైన్ తిరగేశాడు. అంతవరకూ పిస్టన్‌కే ఉక్కు కడ్డీ బిగించి ఉండేది, రెండూ కలిసి ముందుకీ వెనక్కీ ఊగాలి. అందుకే అంత బరువు. లైనర్ ఏం చేశాడంటే కడ్డీని బండకి ఆనించి వదిలేసి, లోపల చిన్న పిస్టన్ మాత్రమే సుత్తిలా దాని వెనక కొట్టేలా చేశాడు. చేతిపని చేసేవాళ్ల పద్ధతే, సుత్తి మాత్రం మిషన్ లోపల. కడ్డీ మధ్యలో బొర్ర పెట్టి గాలి ఊది, రాతి పొడిని బయటికి తోయించాడు. పొడి బయటికి వచ్చింది నిజమే, నేరుగా కార్మికుడి ముఖంలోకి వచ్చింది. కార్మికులు ఒప్పుకోలేదు. లైనర్ గాలితో పాటు నీళ్లు పంపేలా మార్చాడు. నీళ్లు లేని పొడి డ్రిల్లులకి గని కార్మికులు పెట్టుకున్న పేరు 'విడో మేకర్', అంటే భార్యల్ని వితంతువులను చేసేది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ అంత పని చేసింది. దుమ్ము గురించి చాలామంది మాట్లాడారు కాబట్టి నేను ముందుకెళ్తాను.

లైనర్ పద్ధతి వల్ల మిషన్ తేలికైంది. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకానికల్లా ఒక్క మనిషి ఎత్తగలిగే జాక్‌హామర్లు మార్కెట్లోకి వచ్చేశాయి. స్టాండ్ అక్కర్లేదు, బిగించే టైమ్ మిగిలింది, ఇద్దరి పని ఒకడు చేస్తాడు. ఓనర్లకి పండగే. మరి ఆ స్టాండ్ తినే తన్ను ఇప్పుడు ఎవరు తినాలి? దాని జాగాలో మనిషిని నిలబెట్టారు. మిషన్‌కి, మనిషికి మధ్య మిగిలింది రెండు ఇనుప పిడులు, బాడీకి పోత పోసి గట్టిగా బిగించినవి. వెదురు కామ లాగా వంగవు, కొలత మార్చుకోవడానికి లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే బ్యాకెండ్‌కి పదిసార్లు అప్‌డేట్ ఇచ్చి, యూజర్ ముట్టుకునే చోటుని మాత్రం అలాగే వదిలేశారు.

ఫలితం బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1911లో ఇటలీలో జొవాన్నీ లొరీగా అనే డాక్టర్, గాలి పనిముట్లు వాడే కార్మికుల వేళ్లలో రక్తప్రసరణ దెబ్బతింటోందని రాశాడు. తర్వాత 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ అనే ఊరు. సున్నపురాయి క్వారీలకి పేరున్న ఊరు. అక్కడి రాతి చెక్కుడు కార్మికులు ఎయిర్ హామర్‌తో పనిచేసేవారు. చలి పొద్దున వాళ్ల వేళ్లు పాలిపోయి, ముట్టుకుంటే తెలియనంత మొద్దుబారిపోయేవి. 'చచ్చిన వేళ్లు' అనుకునేవారు. ప్రభుత్వం తరఫున చూడ్డానికి వెళ్లింది డాక్టర్ ఆలిస్ హామిల్టన్. ఆ మరుసటి ఏడాదే ఆవిడ హార్వర్డ్ వైద్య విభాగంలో చేరిన మొదటి మహిళ అయ్యారు. ఆవిడ పరీక్షించినవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమందిలో ఆ లక్షణాలు ఉన్నాయి. విశేషం ఏంటంటే ఎక్కువ దెబ్బతిన్నది హామర్ పట్టుకున్న కుడిచెయ్యి కాదు, ఉలిని బిగించి పట్టుకున్న ఎడమచెయ్యి. పట్టు ఎంత గట్టిదైతే అదురు అంత లోపలికి పోతుందన్నమాట.

లోపల జరిగేది ఇది. అదే పనిగా అదిరితే వేళ్లలోని సన్నటి రక్తనాళాలు, నరాలు పాడవుతాయి. చలి తగలగానే నాళాలు మూసుకుపోయి వేలు తెల్లగా సున్నంలా అయిపోతుంది. కాసేపటికి రక్తం తిరిగి వస్తుంది, మంటతో. ముదిరితే చొక్కా గుండీ పెట్టుకోలేరు, కింద పడ్డ రూపాయి బిళ్ల తీయలేరు.

నాకు నిద్ర పట్టనివ్వని భాగం తర్వాతది. 1978లో పరిశోధకులు మళ్లీ అదే బెడ్‌ఫర్డ్‌కి వెళ్లారు. అరవై ఏళ్లు గడిచాయి, చంద్రుడి మీదకి మనిషి వెళ్లొచ్చాడు. అక్కడ అదే తరహా ఎయిర్ హామర్, ఇప్పటికీ పదిమందిలో ఎనిమిదిమందికి తెల్లబడే వేళ్లు. రిపోర్ట్ లేక కాదు. రిపోర్ట్ ఉంది, ప్రభుత్వమే అచ్చు వేసింది.

"పిడికి ఒక స్ప్రింగ్ పెడితే అయిపోయేది కదా" అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ అది నిజంగానే కష్టమైన లెక్క. నిమిషానికి రెండు వేల దెబ్బలంటే సెకనుకి 33. స్ప్రింగ్ ఆ అదురుని ఆపాలంటే, అది తనంతట తాను ఊగే వేగం దానికంటే చాలా తక్కువ ఉండాలి, అంటే మెత్తటి స్ప్రింగ్ కావాలి. కానీ డ్రిల్లర్ మిషన్‌ని బండకి అదిమి పట్టాలి. మెత్తటి స్ప్రింగ్‌ని గట్టిగా అదిమితే అది పూర్తిగా నొక్కుకుపోయి ఇనుముకి ఇనుము తగులుతుంది, మళ్లీ మొదటికే. మరీ మెత్తగా ఉంటే మిషన్ చేతిలో నిలవదు, రంధ్రం వంకర పోతుంది. గట్టి స్ప్రింగ్ పెడితే అదురు ఆగదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. ఈ ఇరుకులోంచి బయటపడటానికి మిషన్ బరువు, అదిమే బలం, దెబ్బల వేగం అన్నీ కలిపి డిజైన్ చేయాలి. ఎవరైనా డబ్బు పెట్టి కూర్చుంటే అయ్యే పనే.

బరువు సమస్యకి మాత్రం డబ్బు దొరికింది, ఎందుకంటే అది ఉత్పత్తి సమస్య కూడా. 1940ల్లో స్వీడన్‌లో తేలికపాటి డ్రిల్లు, టంగ్‌స్టన్ కార్బైడ్ మొన, కింద గాలితో పొడవు పెరిగి తగ్గే ఒక కాలు, ఈ మూడూ కలిపారు. 'స్వీడిష్ పద్ధతి' అని ప్రపంచమంతా పాకింది. మిషన్ బరువు కాలు మోస్తుంది, ఎత్తు కాలే మార్చుకుంటుంది. నడుముకి నిజంగా మేలు జరిగింది. అదురు మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

చివరికి పిడిని కదిలించింది కోర్టులు. బ్రిటన్ 1985లో ఈ తెల్లవేళ్ల జబ్బుని పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల లిస్టులో చేర్చింది. 1990ల చివరికి ఏడుగురు మాజీ బొగ్గుగని కార్మికులు ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ కోల్ మీద కేసు గెలిచారు. 1970ల నుంచే మీకు తెలిసి ఉండాల్సిందని కోర్టు తేల్చింది. ఆ ఏడుగురి వెనక లక్షకు పైగా క్లెయిములు వచ్చి పడ్డాయి. 2002లో యూరోపియన్ యూనియన్ రూల్ పెట్టింది: ఎనిమిది గంటల సగటు మీద చేతికి అందే అదురు సెకను స్క్వేర్‌కి 5 మీటర్లు దాటకూడదు, 2.5 దాటితేనే కంపెనీ చర్యలు మొదలుపెట్టాలి. చిన్న లెక్క చేద్దాం. ఒక డ్రిల్లు పిడి దగ్గర అదురు 20 అనుకుందాం. అదురు నాలుగు రెట్లయితే టైమ్ పదహారో వంతుకి పడిపోతుంది. అంటే రోజు మొత్తం మీద అరగంట. అంతకుమించి ఆ మిషన్ పట్టుకోకూడదు. ఇలా లెక్క కాగితం మీదకి వచ్చాక పిడి బాగున్న మిషన్‌కి ధర వచ్చింది, ఎందుకంటే దాంతో ఎక్కువసేపు పని చేయించొచ్చు. స్ప్రింగులున్న పిడులు, కీలు మీద ఊగే పిడులు, కోణం మార్చి బిగించుకునే పిడులు వరసగా వచ్చాయి.

మార్చుకునే పిడికి అదురుతో సంబంధం లేని లాభం కూడా ఉంది. ఇంట్లో గోడకి వాడే హామర్ డ్రిల్లు తెలుసుగా? పక్క పిడిని కాస్త తిప్పితే లూజవుతుంది, కావలసిన వైపు జరిపి మళ్లీ బిగిస్తాం. బిట్టు రాడ్డుకి తగిలి ఇరుక్కుంటే మిషన్ మొత్తం గిర్రున తిరగబోతుంది. దాన్ని ఆపేది ఆ పక్క పిడే. తిప్పే బలం 40 న్యూటన్ మీటర్లయితే, 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నవాడికి 200 న్యూటన్లు, అంటే ఇరవై కిలోల బరువంత తగులుతుంది. 40 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే అందులో సగమే. ఎడమచేతి వాటం వాళ్లకి, తల పైకెత్తి పైకప్పుకి రంధ్రం వేసేవాళ్లకి ఇది మణికట్టు విరగడానికీ, విరక్కపోవడానికీ తేడా.

మన దగ్గరికొస్తే, కోలార్ బంగారు గనుల్లో 2001లో మూసేసేవరకూ నూట ఇరవై ఏళ్లు తవ్వకం జరిగింది. అక్కడ పనిచేసినవాళ్లలో చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. మూడు కిలోమీటర్ల లోతులో రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. సింగరేణి భూగర్భ గనుల్లో రెండు పక్కలా పిడులున్న కరెంటు డ్రిల్లులతో బొగ్గుకి రంధ్రాలు వేశారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్ మోత ఇవాళ్టికీ ఉంది. అయితే మన వేడిలో ఒక తిరకాసు ఉంది. చలి లేకపోతే వేలు తెల్లబడటం పెద్దగా కనిపించదు, నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. కాబట్టి బెడ్‌ఫర్డ్‌లో డాక్టర్ కంటికి కనిపించిన జబ్బు, ఇక్కడ "తిమ్మిరెక్కిందిలే, వయసు మీద పడింది" అనే మాట కింద దాక్కుంటుంది.

మా వీధి అన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఆరోజు మిషన్ తిరిగి ఇస్తూ పిడి వైపు చూశాను. రెండు పక్కలా పాత సైకిల్ ట్యూబ్ చుట్టి, పైన బైండింగ్ వైరుతో కట్టుకున్నాడు. అంత పల్చటి రబ్బరు సెకనుకి 33 దెబ్బల అదురుని దాదాపు ఏమీ ఆపలేదని ఇప్పుడు నాకు తెలుసు. "ఎందుకన్నా ఇది?" అంటే, "కంపెనీ పిడి నా చేతికి పడదు తమ్ముడూ, అందుకే నేనే ఇట్టా సెట్ చేసుకున్నా" అన్నాడు. మిషన్ కాంట్రాక్టర్‌ది, ట్యూబ్ ఆయన సొంతం. సైట్ మారినప్పుడల్లా విప్పుకుని జేబులో పెట్టుకుపోతాడట.