అన్నీ తెలిసిన పంతులుగారు

మా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవడన్నా తనకి తెలియని ప్రశ్న అడిగితే "తెలీదురా, రేపు చూసి చెప్తా" అనేవారు. మర్నాడు నిజంగానే చూసొచ్చి చెప్పేవారు. అప్పట్లో మాకది నామోషీగా ఉండేది. పక్క సెక్షన్ మాస్టారు ఏ ప్రశ్నకైనా తడుముకోకుండా జవాబిచ్చేవారు మరి (అందులో సగం తప్పని తర్వాత తెలిసిందనుకోండి, అది వేరే విషయం). టీవీ క్విజ్‌లో హాట్ సీట్ మీద ఏ పంతులుగారో పంతులమ్మగారో కనపడినప్పుడల్లా నాకు వీళ్ళిద్దరూ గుర్తొస్తారు. వాళ్ళతోపాటు మూడో మాస్టారొకాయన కూడా. ఆయనది మా ఊరు కాదు, న్యూయార్క్. ఇవాళ చెప్పబోయేది ఆయన కథ.

1956 సెప్టెంబర్ 12న అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో 'ట్వంటీ వన్' అనే క్విజ్ మొదలైంది. ఇద్దరు పోటీదారులు చెరో గాజు గదిలో నిలబడతారు. ఒకరి జవాబు ఇంకొకరికి వినపడదు. 1 నుంచి 11 వరకూ ఎన్ని పాయింట్ల ప్రశ్న కావాలో వాళ్ళే కోరుకోవాలి. పాయింట్లు పెరిగేకొద్దీ ప్రశ్న కష్టమవుతుంది. ముందు 21కి చేరినవాళ్ళు గెలిచినట్టు. సమానమైతే పాయింటుకిచ్చే డబ్బు పెంచి మళ్ళీ ఆడిస్తారు. దీనికి ఖర్చు పెట్టింది జెరిటాల్ అనే టానిక్ వాళ్ళు.

మొదటి రోజు ఆట పూర్తి నిజాయితీగా జరిగింది. ఏమైందంటే, పోటీదారులిద్దరూ ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలన్నీ తప్పుకుంటూ పోయారు. చూసేవాళ్ళకి చిరాకు. మర్నాడే స్పాన్సరు నుంచి నిర్మాతలకి గట్టిగా అక్షింతలు పడ్డాయి. ఇంకోసారి ఇలా జరగడానికి వీల్లేదన్నారు. ఆ తర్వాత నిర్మాత డాన్ ఎన్‌రైట్ ఆటని అదృష్టానికి వదల్లేదు. ఎవరు గెలవాలో, ఎన్నాళ్ళు గెలవాలో, ఎప్పుడు ఓడాలో ముందే రాసుకోవడం మొదలైంది. అవధానంలో పృచ్ఛకుడు ముందు రోజు సాయంత్రమే అవధానిగారింటికెళ్ళి సమస్యా పూరణా రెండూ చేతిలో పెట్టొస్తే ఎలా ఉంటుంది? అచ్చంగా అదే. మా వృత్తి భాషలో చెప్పాలంటే, జవాబుల్ని కోడ్‌లో హార్డ్‌కోడ్ చేసేసి టెస్టులన్నీ పాసయ్యాయని క్లయింటుకి చూపించడం.

అలా తయారైన మొదటి పెద్ద విజేత హెర్బ్ స్టెంపెల్. క్వీన్స్‌లో ఉండేవాడు, మాజీ సైనికుడు, సిటీ కాలేజీలో చదువుతున్నాడు. పాపం నిజంగానే బోలెడు విషయాలు తెలిసినవాడు. కొన్నాళ్ళకి నిర్మాతలకి అతను పాతబడిపోయాడు. జనం చూడగానే ఇష్టపడే కొత్త మనిషి కావాలి.

దొరికాడు. చార్లెస్ వాన్ డోరెన్, వయసు 30, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే చిన్న ఉద్యోగి. జీతం ఏడాదికి ఐదు వేల డాలర్ల లోపే. కానీ వంశం చూడండి: నాన్న మార్క్ వాన్ డోరెన్ కవి, కొలంబియాలోనే పేరున్న ప్రొఫెసరు, పులిట్జర్ బహుమతి వచ్చినవాడు. పెదనాన్న కార్ల్ వాన్ డోరెన్‌కి బెంజమిన్ ఫ్రాంక్లిన్ జీవితచరిత్ర రాసినందుకు ఇంకో పులిట్జర్. మనిషి అందగాడు, మాట మెత్తన.

నన్ను ఈ కథలో అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇక్కడుంది. జవాబులు ముందే ఇస్తామని ఆల్బర్ట్ ఫ్రీడ్‌మన్ అనే నిర్మాత చెప్పినప్పుడు వాన్ డోరెన్ మొదట ఒప్పుకోలేదు. తనని నిజంగా ఆడనివ్వమన్నాడు. అప్పుడు ఫ్రీడ్‌మన్ డబ్బు ఒక్కటే చూపించి ఊరుకోలేదు. నువ్వు దేశమంతా చూసే టీవీలో కనపడితే చదువు మీద, మేధావుల మీద, ముఖ్యంగా ఉపాధ్యాయుల మీద జనానికి గౌరవం పెరుగుతుంది అన్నాడు. ఇది వాన్ డోరెన్ స్వయంగా తర్వాత వాంగ్మూలంలో చెప్పిన సంగతే. ఒక మాస్టార్ని పడగొట్టడానికి వేసిన ఎర ఏమిటో చూశారా! లంచం కాదు, ఉపాధ్యాయ వృత్తికి గౌరవం. తక్కువ జీతమూ, అంతకన్నా తక్కువ మర్యాదా అలవాటైపోయినవాడికి ఆ మాట ఎంత తియ్యగా వినపడి ఉంటుందో కదా.

ఇక జవాబులతోపాటు నటన కూడా నేర్పారు. ఎక్కడ ఆగాలి, ఏ భాగం వదిలేసి మళ్ళీ దానికి రావాలి, ఎప్పుడు నుదురు తుడుచుకోవాలి, అన్నీ. 1956 డిసెంబర్ 5న స్టెంపెల్ ఓడాలని తీర్మానమైంది. 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చిన సినిమా ఏది అన్నది ప్రశ్న. జవాబు 'మార్టీ'. స్టెంపెల్‌కి ప్రాణమైన సినిమా, మూడుసార్లు చూశాడు. అయినా చెప్పిన ప్రకారం 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అని తప్పు చెప్పాడు. తెలిసినవాడు తెలీదన్నట్టూ, తెలీనివి తెలిసినట్టూ నటించిన ఆట అది.

వాన్ డోరెన్ వారం వారం గెలుస్తూ పోయాడు. ఎల్విస్ ప్రెస్లీ వెర్రి ఊపేస్తున్న రోజుల్లో, పుస్తకాలు చదువుకునే ఒక పంతులు దేశానికి హీరో అయ్యాడు. 1957 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదకెక్కాడు. మార్చి 11న బెల్జియం రాజు పేరు 'తప్పి' వివియన్ నియరింగ్ అనే లాయరు చేతిలో ఓడేసరికి గెలిచింది 1,29,000 డాలర్లు. పైగా ఎన్‌బీసీతో ఏడాదికి 50,000 చొప్పున మూడేళ్ళ ఒప్పందం.

స్టెంపెల్ ఊరుకోలేదు. 1957లోనే పత్రికల దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాడు. సాక్ష్యం లేదని ఎవరూ వెయ్యలేదు. ఓడిపోయిన అక్కసు అనుకున్నారు. అంత పెద్దింటి మాస్టారు అబద్ధమాడతాడా! 1958లో 'డాటో' అనే ఇంకో క్విజ్‌లో ఒక పోటీదారు జవాబుల నోటుబుక్కు దొరికాక గానీ కదలిక రాలేదు. ట్వంటీ వన్‌లోనే ఆడిన జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అనే చిత్రకారుడు మాత్రం భలే పనిచేశాడు. తనకి ముందుగా ఇచ్చిన ప్రశ్నల్నీ జవాబుల్నీ రాసి, ప్రసారానికి ముందే తన పేరుకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకున్నాడు. సీలు విప్పకుండా దాచిన ఆ కవర్లు చివరికి దర్యాప్తులో తెరుచుకున్నాయి. మేం ఇప్పుడు టైమ్‌స్టాంపు, డిజిటల్ సంతకం అని గొప్పగా చెప్పుకునేది ఆయన 1957లో పోస్టాఫీసుతో చేయించేశాడు.

వాన్ డోరెన్ ముందు గ్రాండ్ జ్యూరీ ఎదుట అబద్ధం చెప్పాడు. 1959 నవంబర్ 2న కాంగ్రెస్ ఉపసంఘం ముందు నిజం ఒప్పేసుకున్నాడు. సభ్యులు చాలామంది ఆయన్ని మెచ్చుకుంటుంటే స్టీవెన్ డెరూనియన్ అనే న్యూయార్క్ సభ్యుడు మాత్రం, ఇంత తెలివైన పెద్దమనిషి నిజం చెప్పాడని అభినందించడం తనవల్ల కాదన్నాడు. కొలంబియా ఉద్యోగం పోయింది, ఎన్‌బీసీ ఉద్యోగమూ పోయింది. 1960లో క్విజ్‌లని ఇలా ముందే కుదుర్చుకోవడం నేరమంటూ చట్టం సవరించారు. 1962లో ఆయనా, ఇంకొందరు పోటీదారులూ అబద్ధపు సాక్ష్యం నేరం ఒప్పుకుంటే శిక్ష అమలు చెయ్యకుండా వదిలేశారు.

అన్నట్టు, ఉపాధ్యాయులు ఆ తర్వాత క్విజ్‌లు మానెయ్యలేదు. 1964లో మొదలైన 'జెపర్డీ' 2011లో టీచర్లకే ప్రత్యేకంగా పోటీ పెట్టింది. దాన్ని గెలిచిన చార్లెస్ టెంపుల్ నార్త్ కరోలినాలో ఓక్రకోక్ అనే చిన్న దీవి బళ్ళో ఇంగ్లీషు మాస్టారు. బ్రిటన్‌లో 2020లో డొనాల్డ్ ఫియర్ అనే చరిత్ర మాస్టారు పది లక్షల పౌండ్లు గెలిచాడు. మన దగ్గర కేబీసీలో 2020లో జగదల్‌పూర్ టీచరు అనుపా దాస్, 2021లో ఆగ్రా కేంద్రీయ విద్యాలయం లెక్కల టీచరు హిమానీ బుందేలా కోటి చొప్పున గెలిచారు. హిమానీగారికి చూపు లేదు. కోటి గెలిచాక వచ్చిన ఏడు కోట్ల ప్రశ్నకి జవాబు మీద నమ్మకం కుదరక ఆట విరమించుకున్నారు.

చాలామంది ఆ చివరి ప్రశ్న దగ్గర "అయ్యో" అన్నారు. నాకైతే అక్కడే దండం పెట్టాలనిపించింది. లక్షలమంది చూస్తుండగా ఒక టీచరు తెలియదని ఒప్పుకుని లేచి రావడం! సరిగ్గా అదే కదా 1956లో ఆ టానిక్ కంపెనీ భరించలేకపోయింది. మొదటి రోజు ఆ ఇద్దరూ చేసిన నేరం తెలియకపోవడమే. ఆ తెలియకపోవడాన్ని దాచడానికి మొదలుపెట్టిన పని ఒక మంచి మాస్టారి జీవితాన్ని మింగేసింది. మాస్టారంటే అన్నీ తెలిసినవాడు అనుకునే మనకి కూడా ఆ పాపంలో వాటా ఉందంటాను. అలాంటి మాస్టారు కావాలని మనం అడిగాం. టీవీవాళ్ళు తయారుచేసి ఇచ్చారు.

వాన్ డోరెన్ తర్వాత ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. స్టెంపెల్ కూడా కొన్నాళ్ళు న్యూయార్క్ స్కూళ్ళలో సాంఘిక శాస్త్రం చెప్పాడట, చూడండి విచిత్రం. వాన్ డోరెన్ 2019లో, స్టెంపెల్ 2020లో పోయారు. ఇద్దరికీ 93 ఏళ్ళు. వాన్ డోరెన్ చివరి రోజుల్లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం టోరింగ్టన్ శాఖలో మళ్ళీ ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. కెమెరాల్లేవు, గాజు గది లేదు. ఎదురుగా పిల్లలు. వాళ్ళు తనకి తెలియని ప్రశ్న అడిగినప్పుడు ఆయనేమనేవాడో గానీ, మా లెక్కల మాస్టారు అన్నట్టే "రేపు చూసి చెప్తా" అని ఉంటే బావుండునని నా ఆశ.