యానాము: గోదావరీతీరమున నొక ఫ్రెంచి గ్రామము



మన జడ్చర్ల సీమ మెట్టనేల. చెరువు నిండిన పంట, చెరువెండిన కరవు. ఇట్టి సీమవారికి గోదావరి సముద్రమున గలియు తావునకు దాపున నున్న యొక చిన్న యూరి వృత్తాంతము నేడు చెప్పబూనితిని. అది రెండు శతాబ్దులకు పైగా ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన తెలుగు గ్రామము. దూరపు ముచ్చట మన కేల యని తలపకుడు. ఆ యూరి కథలో మన హైదరాబాదు ప్రభువుల చేతివ్రాతయు గలదు.

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట యానాము వెలసినది. కాకినాడకు దక్షిణముగ సుమారు 30 కిలోమీటర్ల దూరము. ఊరును, మెట్టకూరు, కనకాలపేట, అడవిపొలము, దరియాలతిప్ప మొదలగు పల్లెలును గలిసి దాని విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. తిప్ప యనగా నది తెచ్చిన యిసుకయు నొండ్రును మేటవేయగా నేర్పడిన దిబ్బ. మనకు నేల తాతలనాడే యున్నది. వారికి నేలను నది పెట్టును, నదియే కోసికొనిపోవును. వరియు కొబ్బరియు నచట సమృద్ధి. వరదయు గాలివానయు నచట భయము. 1839వ సంవత్సరమున వచ్చిన పెనుతుపాను పొరుగుననున్న కోరంగి రేవును నాశనము చేసి, యానామును గూడ మిక్కిలి నష్టపరచినది.

ఫ్రెంచివా రచటికి వచ్చినది రాజ్యమునకు గాదు, బట్టలకొరకు. గోదావరి ప్రాంతపు సాలీలు నేసిన వస్త్రములకు పరదేశములందు గిరాకి యుండెను. 1723లో ఫ్రెంచి కుంఫిణీవా రచట కొఠీ పెట్టిరి. వర్తకము సాగక 1727లో విడిచిరి. కొలదియేండ్లకు మరల వచ్చిరి. పొరుగుననే ఇంజరమున నింగ్లీషువారి కొఠీ యుండెను. ఇరువురును సాలీల వాకిళ్లయందే పోటీపడిరి.

ఇక మన సంస్థానపు ప్రసక్తి. హైదరాబాదు గద్దెపై నున్న సలాబతుజంగు తనకు తోడ్పడిన బుస్సీదొర సేనల ఖర్చులకై 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారుల నాల్గింటిని ఫ్రెంచివారికి ధారపోసెను. లక్షల తెలుగువారి నేలయంతయు నొక్క ఫర్మానాతో చేతులు మారెను. ఆ నేలపై నాగలి పట్టిన రైతు నెవ్వరును అడుగలేదు. 1758లో చందుర్తియొద్ద ఇంగ్లీషువారు ఫ్రెంచివారి నోడించిరి. మరుసటి యేట మచిలీపట్టణము పట్టువడెను. సర్కారులు పోయినవి. 1763 నాటి పారిసు సంధివలన పూర్వపు వర్తకస్థానములు మాత్రము ఫ్రెంచివారికి దక్కెను. పిమ్మట యూరపులో యుద్ధము రేగినపుడెల్ల నింగ్లీషువారు యానాము నాక్రమించుటయు, సంధి కుదిరినంతనే విడుచుటయు జరిగెను. 1814 నాటి సంధి ప్రకారము తుదిసారి మరల ఫ్రెంచివారి కప్పగింపబడెను.

1880 మార్చి 12న ఫ్రెంచి ప్రభుత్వము భారతదేశమునందలి తన భూములను పది కమ్యూనులుగ విభజించెను. యానాము అందొకటి. కమ్యూననగా ఫ్రాన్సు దేశమున పరిపాలనకు మొదటి మెట్టు. ఎంత చిన్న పల్లెకైనను ఎన్నికైన సభయు, మేయరను పెద్దయు నుందురు. పుట్టుకలు, పెండ్లిండ్లు, మరణములు అచట లిఖింపబడును. ఈ పద్ధతి మెచ్చదగినదే. అయినను ఓటర్లను జాతినిబట్టి వేరువేరు జాబితాలుగ విభజించుటచే సమానత్వము చిరకాలము మాటలయందే నిలిచెను.

సరిహద్దు గీత మరియొక కీడునకును మరుగైనది. 1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టము పుట్టి, పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదనెను. ఆ చట్టము యానామున చెల్లదు. అందుచే చుట్టుపట్లవారు బండ్లు గట్టుకొని పసిబిడ్డలతో నచటికి పోయి పెండ్లిండ్లు జరిపిరి. ఆ పెద్దలు చట్టమునకు వెరచిరేకాని, ఆ బిడ్డల మేలు తలపలేదు.

1948 సెప్టెంబరులో మన సంస్థానము భారతదేశమున గలసినది. యానామువారి కా దినము 1954 జూను 13న వచ్చినది. దడాల రఫేలు రమణయ్యగారి నాయకత్వమున నచటి ఫ్రెంచి అధికారము తొలగినది. ఆ యేటి నవంబరు 1న పరిపాలన భారతప్రభుత్వమున కందినది. 1956 మే 28 నాటి ఒప్పందము 1962 ఆగస్టు 16న చట్టసిద్ధమైనది. చుట్టును ఆంధ్రదేశమే యైనను, యానాము నేటికిని 800 కిలోమీటర్లకు పైగా దూరముననున్న పుదుచ్చేరిలోని భాగము. ప్రజల యిష్ట మెరుగక మార్పు చేయరాదని ఆ యొప్పందమున గలదు. 1753లో నడుగబడని రైతు మనుమల మనుమలకు ఈ మాట దక్కుటకు రెండువందలయేండ్లు పట్టినది.

పెద్దలారా! రాజులు గీతలు గీయుదురు. ఊరు మాత్రము ప్రజలది. యానామువారు ఆ గీతల చరిత్ర యెరుగుదురు, కాగితములందు నిలిచినది గనుక. మన యూళ్ల పొలిమేరల నెవరు నిలిపిరి? ఏ చెరువును ఎవరు కట్టించిరి? పాత లెక్కల దస్త్రములు చెదలు తినకముందే, మీ నోటిమాట మీతో పోకముందే, బడికిబోవు మనుమని పిలిచి వ్రాయింపుడు. చిన్న యూరి చరిత్రయు చరిత్రయే.