ఛాయాచిత్రముల అమ్మకము: ఒక్కరికా, పలువురికా?



'ఏజన్సీ' యను మాట మన దుమ్ముగూడెము వారికి క్రొత్తది కాదు. మన్యప్రాంతమునే మనమట్లు పిలుచుచుందుము. ఛాయాచిత్రముల వర్తకమున ఆ మాటకు వేరర్థము గలదు. ఒకడు తీసిన చిత్రములను తనయొద్ద నిలువజేసి, వానిని వాడుకొను హక్కును పత్రికలకును ప్రకటనకర్తలకును అమ్మి, వచ్చిన సొమ్ములో కొంత చిత్రము తీసినవాని కిచ్చు సంస్థకు ఏజన్సీ యని పేరు. చిత్రములను ఒక్క సంస్థకే కట్టుబడి యిచ్చుట ఏకహక్కు ఒడంబడిక. పలు సంస్థలకు ఇచ్చుకొను వీలు నిలుపుకొనుట స్వేచ్ఛా ఒడంబడిక. పర్ణశాలను, గోదావరిని, కోయల కొమ్మునృత్యమును నేడు మన పిల్లలు చేతిఫోనులతోనే చిత్రించుచున్నారు. కావున ఈ రెండింటిలో నేది మేలను ప్రశ్న మన యింటి ప్రశ్నయే.

దీనికి మన యడవియే పూర్వోదాహరణము. వర్తకుల దొంగతూకములనుండియు, అప్పులనుండియు గిరిజనులను కాపాడుటకై 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ యేర్పడెను. 1979 నాటి రెగ్యులేషను షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీఫలములను ప్రభుత్వ ఏజంటు తప్ప ఇతరులు కొనరాదని శాసించెను. ఆ ఏజంటు ఈ సంస్థయే. తపసిబంక, ఇప్పగింజలు, చింతపండు తెచ్చినవానికి తెలిసిన కొనుగోలుదారు దొరకెను. తూకమునకు బాధ్యుడొకడు కలిగెను. ఇది ఏకహక్కులోని మేలు. కాని ఆ యొక్కడు ధర తగ్గించినను, సరకు వలదన్నను, సొమ్ము ఆలస్యము చేసినను అమ్ముకొనువానికి రెండవ వాకిలి లేదు. ఇది అందలి చిక్కు. తరువాత 2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ ఫలములపై యాజమాన్యమును, అమ్ముకొను హక్కును అడవివాసులకే యిచ్చినది.

ఇక ఛాయాచిత్రకళ విషయమున మన హైదరాబాదు చరిత్ర నొకమారు చూడవలెను. మీరటు చెంతనున్న సర్ధనాలో 1844లో జన్మించిన లాలా దీన్‌దయాళుడు రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో కొలువుచేయుచు చిత్రములు తీయనేర్చెను. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదమును పొందెను. అయినను ఆ పదవి ఆయనకు ఇతర ద్వారములను మూయలేదు. సికిందరాబాదులో స్టూడియో నడపెను; అంతఃపుర స్త్రీలకై 1892లో వేరొక స్టూడియో తెరచెను; 1896లో బొంబాయిలో మరియొకటి నెలకొల్పెను. వైస్రాయిలకును చిత్రములు తీసెను. 1897లో విక్టోరియా రాణి గుర్తింపు పొందెను. 1905లో దివంగతుడగువరకు రాజాశ్రయమును బహుజనవ్యాపారమును రెండును ఆయనకు దక్కెను. ఒక్కని ఆశ్రయము గౌరవమీయవచ్చును. అది ఇతరుల యొద్దకు పోవు దారిని మూయనప్పుడే కళాజీవికి బలమగును.

నేటి వర్తకమున ఈ రెండు మార్గములును గలవు. 2003లో న్యూయార్కున పుట్టిన షటర్‌స్టాక్ స్వేచ్ఛామార్గమున పెరిగెను. 2000లో కెనడాలో పుట్టి, 2006లో గెట్టీ కంపెనీ వశమైన ఐస్టాక్ రెండు విధముల ఒడంబడికలను ఉంచెను. అందు 2017 నాటి పద్ధతిలో, చిత్రముపై వచ్చిన ప్రతి నూరు రూపాయలలో స్వేచ్ఛగానుండువానికి 15, కట్టుబడినవానికి 25 మొదలు 45 వరకు ముట్టుచుండెను. లెక్క చూడుడు. కట్టుబడినవానికి 25 వచ్చుచోట స్వేచ్ఛగల వానికి 10 తక్కువ. ఆ పదికి మించి ఇతర సంస్థలనుండి రాబట్టగలిగినవానికి స్వేచ్ఛయే లాభము. రాబట్టలేనివానికి కట్టుబాటే లాభము. కాని తన చిత్రములకు గిరాకి యెంతయో తెలియనివాడు ఈ లెక్క వేయజాలడు. కాబట్టి క్రొత్తవాడు మొదట స్వేచ్ఛగా కొన్ని చిత్రములను పలుచోట్ల ఉంచి, ఒకయేడు చూచి, పిమ్మట నిర్ణయించుకొనుట మంచిది. అప్పుడు ఏకహక్కు ఇయ్యదలచినచో తక్కిన చోట్లనుండి ఆ చిత్రములను ముందుగా ఉపసంహరింపవలసి యుండును.

చట్టమును తెలిసికొనుడు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము 'ఏకహక్కు' ఇచ్చుట యనగా తక్కినవారినే కాక, హక్కుదారునిని సైతము ఆ వినియోగమునుండి తొలగించుట. ఒడంబడిక వ్రాతమూలకముగా నుండవలెను. గడువు వ్రాయనిచో ఐదేండ్లని, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమని చట్టము భావించును. కంపెనీ పత్రములో 'శాశ్వతముగా, ప్రపంచమంతట' అని వ్రాసియున్న యెడల ఈ రక్షణ అక్కరకు రాదు. ఒకరు సొమ్మిచ్చి తీయించుకొన్న చిత్రమునకు, వేరు ఒప్పందము లేనిచో, తీయించినవారే మొదటి హక్కుదారులు.

కావున మీ బిడ్డలు సంతకము చేయకముందు నాలుగు ప్రశ్నలు అడిగింపుడు. గడువెంత? విడిపోవు మార్గమేది? నిరాకరించిన చిత్రమును వేరొకచోట అమ్ముకొనవచ్చునా? ఇతరులను విడిచినందుకు అధికముగా నిచ్చునదేమి? నాలుగవదానికి సరియైన సమాధానము వచ్చినచో ఒక్కరికే యిచ్చుటలో దోషము లేదు. రానిచో, పల్లెలోని చిన్నవాడు తన వాకిళ్లన్నియు తానే మూసికొని, ఒకరి దయకు ఎదురుచూచు స్థితి తెచ్చుకొన్నవాడగును.