ఎర్రదారం, చెంచుల అల్లుడు

పాణ్యం దగ్గర ఎర్రమల కొండలను వెనుక వదలి తూర్పుకు సాగితే నంద్యాల మైదానం, దాని కావలి అంచున నల్లమల. ఆ నల్లమలలోనే, ఆళ్ళగడ్డకు చేరువగా అహోబిలం. అక్కడి ప్రణయగాథను తలచుకున్నప్పుడల్లా నాకు ఒక చీనా కథ జ్ఞప్తికి వస్తుంది.

తొమ్మిదవ శతాబ్దంలో, తాంగ్ వంశీయుల కాలంలో, లి ఫుయన్ అనే రచయిత చెప్పిన కథ అది. వెయ్ గు అనే యువకునికి ఒక రాత్రి వెన్నెలలో గ్రంథం చదువుకుంటున్న వృద్ధుడు కనబడతాడు. దంపతులు కావలసినవారి పాదాలను పుట్టుకతోనే ఎర్రదారంతో ముడివేయడం ఆయన పని. మన బ్రహ్మముడికి దాయాది అన్నమాట! నీ భార్య ఈమేనంటూ, కూరగాయలమ్మే ఒంటికంటి స్త్రీ చంకలోని మూడేళ్ళ పసిపాపను చూపుతాడు. ఆ పేదరికానికి రోసిన వెయ్ గు, పాపను చంపిరమ్మని సేవకుణ్ణి పంపుతాడు. కత్తివేటు గురితప్పి కనుబొమల నడుమ తగులుతుంది. పద్నాలుగేళ్ళకు ఒక అధికారి తన ఇంటి పిల్లనిచ్చి అతనికి వివాహం చేస్తాడు. ఆమె నుదుట, అలంకారం చాటున, ఆ మచ్చే ఉంటుంది.

విధి గెలిచిందని కథ ముగుస్తుంది. కాని గమనించండి: ఆమె కూరలమ్మి కూతురు కాదు, మరణించిన ఒక అధికారి బిడ్డ, ఆ స్త్రీ పెంచిన దాది మాత్రమే. దారం ముడిపడింది గాని అంతస్తు చెక్కుచెదరలేదు.

మరి మన అహోబిలం? హిరణ్యకశిపుని వధించిన ఉగ్రనరసింహుడు అడవిలో చెంచుకన్యను చూచి శాంతించి, వలచి, పెండ్లాడాడని స్థానికుల కథ. దీనికి సంస్కృత నాటకరూపం కూడా ఉంది. అహోబిల మఠపు ఏడవ జీయరు రచనగా ప్రసిద్ధమైన వాసంతికాపరిణయం అది. ఆ చెంచిత సాక్షాత్తు లక్ష్మీదేవి అవతారమేనని చెప్పుకోవడమూ ఉన్నది. ఇక్కడా అదే ఉపాయం! వధువు నిజానికి మనవారే అన్న ఊరడింపు.

అయితే చెంచులు కథను తమవైపు నుండి పట్టుకున్నారు. వారికి నరసింహుడు అల్లుడు. ఏటా కనుమనాడు మొదలయ్యే పారువేటలో జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరదుల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతారు. ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవాలలో జరిగే తన కల్యాణానికి స్వామి స్వయంగా పిలువ వస్తున్నాడని ప్రజల విశ్వాసం. చీనా కథలో విధి రహస్యంగా కాళ్ళకు దారం కట్టింది. ఇక్కడ వరుడే గడప గడపకూ వచ్చి పిలుస్తున్నాడు. ఈ తేడా చిన్నది కాదు.

1515లో కృష్ణదేవరాయలు అహోబిలేశుని దర్శించి ఆభరణాలు సమర్పించాడని శాసనం చెబుతోంది. రాజుల కానుకలకు శిలాసాక్ష్యం ఉంది. పిల్లనిచ్చినవారి హక్కుకు మాత్రం కథే సాక్ష్యం. 2011 జనగణన నాటికి ఉభయ తెలుగు ప్రాంతాలలో చెంచులు అరవైనాలుగు వేల పైచిలుకు మాత్రమే. అడవిపై వారి హక్కులను చట్టం గుర్తించింది 2006లో.

అల్లుణ్ణి పూజించే మనం అత్తవారిని మరువరాదు. విధి ముడివేస్తుందేమో గాని, చుట్టరికాన్ని నిలుపుకోవలసింది మనుషులే.